భాగస్వామి విడిపోతే ఫార్ములా ఎవరిది? తయారీ రహస్యాల రక్షణకు రైతులు తెలుసుకోవలసిన విషయాలు

పండిన పంటను పండినట్టే అమ్మకుండా పచ్చళ్లు, చిరుధాన్యాల పిండి, గానుగ నూనె, పశువుల దాణా, ద్రవ జీవన ఎరువులుగా మార్చి అమ్ముతున్న రైతులు ఇప్పుడు చాలా మండలాల్లో ఉన్నారు. ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు కాబట్టి ఇద్దరో ముగ్గురో కలుస్తారు. ఒకరు షెడ్డు ఇస్తారు, ఒకరు పెట్టుబడి పెడతారు, ఇంకొకరికి పాళ్లు, పాకం తెలుసు. సరుకు నాలుగు ఊళ్లకు పోయేదాకా అంతా బాగానే ఉంటుంది. తర్వాత లెక్కల దగ్గరో, ఇంటి కారణాల వల్లో విడిపోతారు. ఆరు నెలలు తిరగకుండానే అదే రుచి, అదే దాణా, అదే మందు పక్క ఊరి నుంచి వేరే పేరుతో వస్తుంది. పాత ఖాతాదారులు అటు మళ్లుతారు. షెడ్డు అప్పు మాత్రం ఇక్కడే మిగులుతుంది.

అప్పుడు రైతులు అడిగే ప్రశ్న ఒక్కటే: "మా ఫార్ములా వాడుకోకుండా అతన్ని ఆపవచ్చా?" కొన్ని సందర్భాల్లో ఆపవచ్చు, కొన్నింటిలో ఆపలేరు. తేడా ఎక్కువగా కలిసిన రోజున ఏం రాసుకున్నారు, కలిసి ఉన్నప్పుడు ఆ రహస్యాన్ని ఎలా దాచుకున్నారు అన్న దాని మీదే ఉంటుంది. మీరు సంస్థలో మిగిలినవారైనా, బయటకు వచ్చినవారైనా కింది విషయాలు తెలుసుకోవాలి.

తయారీ రహస్యం అని దేనిని అంటారు?

మనకు కొత్తగా అనిపించినంత మాత్రాన ఏదీ రహస్యం కాదు. ఈ మూడు లక్షణాలూ ఉండాలి.

1. ఆ రంగంలో ఉన్నవారికి మామూలుగా తెలిసి ఉండకూడదు, సులువుగా దొరకకూడదు.
2. రహస్యంగా ఉండటం వల్లనే దానికి వ్యాపార విలువ ఉండాలి.
3. దాన్ని రహస్యంగా ఉంచడానికి మీరు తగిన జాగ్రత్తలు తీసుకుని ఉండాలి.

ప్రపంచ వాణిజ్య సంస్థ కింద ఉన్న ట్రిప్స్ ఒప్పందం 39వ అధికరణం చెప్పే కొలమానం ఇదే. మన దేశం ఆ ఒప్పందంలో భాగస్వామి.

ఉదాహరణకు జీవామృతం చూడండి. 200 లీటర్ల నీరు, 10 కిలోల ఆవు పేడ, ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఇది ఊరందరికీ తెలిసినదే. దీన్ని మీరు ఎంత బాగా తయారు చేసినా 'నా ఫార్ములా' అనలేరు. నీమాస్త్రం, పంచగవ్య కూడా అంతే. దాణాలో 2 శాతం ఖనిజ లవణ మిశ్రమం, 1 శాతం ఉప్పు కలపడం కూడా అందరికీ తెలిసిన లెక్కే.

రహస్యం కాగలిగినవి ఇలాంటివి:

- మీరు అనేకసార్లు చేసి చూసి తేల్చుకున్న పాళ్లు, కలిపే వరస, వేడి, పులియబెట్టే సమయం
- నిల్వ కాలం పెంచడానికి మీరు కనిపెట్టిన పద్ధతి
- ఎంపిక చేసి పెంచుకుంటున్న మూల కల్చర్
- ఏ సరుకు ఎక్కడ, ఏ నాణ్యతలో, ఏ ధరకు దొరుకుతుందన్న వివరాలు
- ఖాతాదారుల జాబితా, వారికి ఇచ్చే ధరలు

ఇంకొక విషయం. మీ ప్యాకెట్‌ను దుకాణంలో కొని, రుచి చూసి, పరీక్ష చేయించి, సొంతంగా ప్రయత్నించి ఎవరైనా అలాంటిదే తయారు చేస్తే అది తప్పు కాదు. నమ్మకంతో మీరు చెప్పిన దాన్ని నమ్మకం తప్పి వాడుకున్నప్పుడే చట్టం అడ్డుపడుతుంది.

మన దేశంలో చట్టం ఎలా ఉంది?

వ్యాపార రహస్యాల కోసమే ప్రత్యేకంగా చేసిన చట్టం మన దేశంలో లేదు. భారత లా కమిషన్ 2024 మార్చిలో ఇచ్చిన 289వ నివేదికలో అలాంటి చట్టం కావాలని సిఫారసు చేసి, ముసాయిదా బిల్లు కూడా జత చేసింది. అయితే సిఫారసు వేరు, చట్టం వేరు. ప్రస్తుతం మనకు రక్షణ ఈ దారుల్లో వస్తుంది:

- భారత ఒప్పందాల చట్టం, 1872: రాసుకున్న షరతులు, నష్టపరిహారం
- భారత భాగస్వామ్య చట్టం, 1932: భాగస్వాముల మధ్య హక్కులు, బాధ్యతలు
- నిర్దిష్ట ఉపశమన చట్టం, 1963: కోర్టు ఇచ్చే ఇంజంక్షన్, అంటే ఆపుదల ఉత్తర్వు
- నమ్మకద్రోహాన్ని అడ్డుకోవడానికి కోర్టులు పాటిస్తున్న న్యాయసూత్రాలు

ఈ చివరి దారికి వ్యవసాయ రంగంలోనే మంచి ఉదాహరణ ఉంది. జాన్ రిచర్డ్ బ్రాడీ అనే ఆయన ఏడాది పొడవునా పచ్చిమేత పెంచే యంత్రాన్ని రూపొందించారు. అందులో వాడే పలకల సరఫరా కోసం ఒక కంపెనీకి నమూనా చిత్రాలు, సాంకేతిక వివరాలు నమ్మకంతో ఇచ్చారు. ఆ కంపెనీ తర్వాత అలాంటి యంత్రాన్నే తానే తయారు చేయడం మొదలుపెట్టింది. 1987లో ఢిల్లీ హైకోర్టు ఆ కంపెనీపై ఆపుదల ఉత్తర్వు ఇచ్చింది. నమ్మకంతో అందిన సమాచారాన్ని మెట్టుగా చేసుకుని, ఇచ్చినవాడికే పోటీగా దిగడం కుదరదన్నది ఆ తీర్పు సారం.

అలాగని కాగితం లేకపోయినా ఫరవాలేదు అనుకోకండి. బ్రాడీ దగ్గర నమూనా చిత్రాలు, ఉత్తర ప్రత్యుత్తరాలు ఉన్నాయి. మన దగ్గర తరచుగా నోటి మాట తప్ప ఏదీ ఉండదు.

ఫార్ములా తెచ్చినవారిదా, సంస్థదా?

గొడవలన్నిటికీ మూలం ఇదే. భాగస్వామ్య చట్టం 14వ సెక్షన్ ప్రకారం, సంస్థ మొదలైనప్పుడు ఉమ్మడిలోకి తెచ్చినదీ, తర్వాత సంస్థ కోసం సంపాదించినదీ, గుడ్‌విల్‌తో సహా, సంస్థ ఆస్తి. భాగస్వాములు వేరేగా రాసుకుంటే ఆ రాతే చెల్లుతుంది. దీన్ని ఫార్ములాకు అన్వయిస్తే మూడు రకాల పరిస్థితులు వస్తాయి.

ఒకటి, కలవక ముందే మీ దగ్గర ఉన్న ఫార్ములా. 'సంస్థ వాడుకోవడానికి మాత్రమే ఇస్తున్నాను, హక్కు నాదే' అని రాసుకుంటే విడిపోయినప్పుడు అది మీతోనే వస్తుంది. ఏమీ రాయకపోతే, 'ఆయన తన వాటాగా ఫార్ములానే తెచ్చాడు, మేము డబ్బు తెచ్చాం' అని మిగతావారు వాదించడానికి వీలుంటుంది.

రెండు, సంస్థ డబ్బుతో, సంస్థ షెడ్డులో, కలిసి ఉన్న కాలంలో తయారైనది. చేసినది ఒక్కరే అయినా మామూలుగా ఇది సంస్థ ఆస్తి కిందికే వస్తుంది.

మూడు, పాత ఫార్ములాకు సంస్థలో చేసిన మెరుగులు. పాతది ఎక్కడితో ఆగింది, కొత్తది ఎక్కడ మొదలైంది అని తేల్చడం అన్నిటికంటే కష్టం. అందుకే మార్పు చేసిన ప్రతిసారీ తేదీతో పుస్తకంలో రాసుకోవాలి.

భాగస్వామిగా ఉంటూనే సంస్థ ఆస్తిని వాడి ఎవరైనా సొంతంగా లాభం తీస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఆ లాభానికి లెక్క చెప్పి సంస్థకు చెల్లించాలి. 16వ సెక్షన్ చెప్పేది ఇదే.

విడిపోయిన భాగస్వామి ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు?

బయటకు వెళ్లిన మనిషి బతకాలి. అందుకే చట్టం అతనికి దారి మూసేయదు. భాగస్వామ్య చట్టం 36వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే అతను సంస్థకు పోటీగా అదే వ్యాపారం పెట్టుకోవచ్చు, ప్రకటనలు ఇచ్చుకోవచ్చు. కానీ ఈ మూడు పనులు చేయకూడదు:

- సంస్థ పేరు వాడటం
- ఇంకా ఆ సంస్థ తరఫునే అమ్ముతున్నట్టు చెప్పుకోవడం
- తాను ఉన్నప్పుడు సంస్థతో వ్యవహరించిన ఖాతాదారులను తన వైపు రమ్మని అడగడం

'విడిపోయాక ఇంత కాలం' లేదా 'ఇన్ని మండలాల పరిధిలో ఈ వ్యాపారం చేయను' అని ముందే రాసుకుంటే అది చెల్లుతుంది. షరతు సమంజసంగా ఉండాలి. రెండేళ్లు, రెండు మూడు మండలాలు అన్నది కోర్టుకు సబబుగా కనిపించవచ్చు. 'జీవితాంతం, దేశమంతటా' అని రాస్తే మొత్తం షరతే ఎగిరిపోయే ప్రమాదం ఉంది. ఎందుకంటే ఒప్పందాల చట్టం 27వ సెక్షన్ ప్రకారం మనిషి వృత్తిని, వ్యాపారాన్ని అడ్డుకునే ఒప్పందాలు చెల్లవు. భాగస్వాములకు, గుడ్‌విల్ అమ్మినవారికి మాత్రమే పరిమితమైన మినహాయింపు ఉంది.

సంస్థ మొత్తంగా రద్దయితే 53వ సెక్షన్ వర్తిస్తుంది. లెక్కలన్నీ తేలేదాకా సంస్థ పేరుతో అలాంటి వ్యాపారం చేయకుండా, సంస్థ ఆస్తిని సొంతానికి వాడకుండా ఒక భాగస్వామి మరొకరిని అడ్డుకోవచ్చు.

చేతి పనితనం వేరు, రహస్యం వేరు. మూడేళ్లు పచ్చడి పట్టిన మనిషికి వచ్చిన నేర్పు అతనిదే, దాన్ని ఎవరూ లాక్కోలేరు. కానీ మీరు తేల్చిన కచ్చితమైన పాళ్లు, మూల కల్చర్ సీసా, ఖాతాదారుల పుస్తకం అతని నేర్పు కిందికి రావు.

ఒక ఉదాహరణ

ఇద్దరు రైతులు చెరి సగం వాటాతో దాణా తయారీ పెట్టారు అనుకుందాం. మొదటి ఆయన తన పాళ్లు తెచ్చారు, రెండో ఆయన రెండు లక్షలు పెట్టారు. మూడేళ్ల తర్వాత రెండో ఆయన బయటకు వచ్చి, పది కిలోమీటర్ల దూరంలో అదే దాణా మొదలుపెట్టారు.

కాగితం ఏమీ లేకపోతే మొదటి ఆయన ముందుగా నాలుగు విషయాలు రుజువు చేయాలి: ఆ పాళ్లు మామూలు దాణా పాళ్లకు భిన్నమైనవని, వాటిని దాచి ఉంచారని, రెండో ఆయనకు నమ్మకంతోనే తెలిశాయని, ఇప్పుడు ఆయన వాటినే వాడుతున్నారని. రెండో ఆయన 'అది మా ఇద్దరిదీ, నా సగం నేను వాడుకుంటున్నాను' అనవచ్చు. ఆ మాటను తీసిపారేయలేం.

కాగితం ఉండి, అందులో 'ఫార్ములా మొదటి భాగస్వామిది, సంస్థకు వాడుకునే అనుమతి మాత్రమే' అని, 'విడిపోయాక వాడకూడదు, రెండేళ్లు ఈ రెండు మండలాల్లో దాణా తయారీ పెట్టకూడదు' అని ఉంటే దావాలో తేల్చవలసినది ఒక్కటే మిగులుతుంది: షరతు తప్పారా, లేదా? అదే కాగితంలో 'విడిపోయినప్పుడు ఫార్ములా విలువ లెక్కగట్టి రెండో భాగస్వామికి ఇంత ఇవ్వాలి' అని కూడా ఉంటే ఆయనకూ న్యాయం జరుగుతుంది. న్యాయంగా ఉన్న కాగితాన్ని తప్పాలని ఎవరికీ తొందరగా అనిపించదు.

ఫర్మ్‌ను రిజిస్టర్ చేయించండి

భాగస్వామ్య సంస్థ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ చేయించకపోతే 69వ సెక్షన్ దెబ్బ తగులుతుంది. రిజిస్టర్ కాని సంస్థలో భాగస్వామి తన ఒప్పందపు హక్కు కోసం సంస్థ మీద గానీ, ప్రస్తుత, మాజీ భాగస్వాముల మీద గానీ దావా వేయలేరు. ఎంత చక్కగా షరతులు రాసుకున్నా కోర్టు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. సంస్థ రద్దు కోసం, రద్దయిన సంస్థ లెక్కల కోసం వేసే దావాలకు మాత్రం ఈ అడ్డు లేదు.

ఈ విషయంలో హల్దీరామ్ భుజియా కేసు చెప్పుకోదగ్గది. ఆ కుటుంబ భాగస్వామ్యం 1974లో రద్దయింది. పేరు వాడకంపై వారసుల మధ్య వచ్చిన వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2000లో కోర్టు చెప్పినదేమంటే, దావా ఒప్పందం మీద కాకుండా చట్టం ఇచ్చిన హక్కు మీద గానీ, ఒకరి సరుకును మరొకరి సరుకుగా అమ్మడం అనే తప్పు మీద గానీ ఆధారపడితే రిజిస్ట్రేషన్ లేకపోవడం అడ్డు కాదని. అంతటి సంస్థలో కూడా కోర్టు దాకా వెళ్లినది రుచి కాదు, పేరు. అందుకే పేరు హక్కు సంగతి కూడా మొదటే తేల్చుకోవాలి.

రిజిస్ట్రేషన్ పని మన రెండు రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ చూస్తుంది. సంస్థ మొదలైన తర్వాత ఎప్పుడైనా చేయించవచ్చు. అయితే దావా వేసే నాటికి రిజిస్ట్రేషన్ పూర్తయి, భాగస్వాముల పేర్లు అందులో నమోదై ఉండాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కంటే ముందే చేయించడం మేలు.

ఒప్పందంలో రాసుకోవలసిన షరతులు

'సొంత బావతో కాగితాలేంటి' అని మొహమాటపడకండి. బాంధవ్యం నిలవాలన్నా కాగితం ఉండాలి. కింది వాక్యాలను మీ అవసరానికి తగ్గట్టు మార్చి, న్యాయవాదికి చూపించి, తగిన విలువ గల స్టాంపు కాగితంపై రాయించుకోండి.

1. హక్కు: "కవరు నం. 1లో సీలు చేసి ఉంచిన తయారీ పద్ధతి ఫలానా భాగస్వామి సొంతం. సంస్థ ఉన్నంత కాలం వాడుకోవడానికి మాత్రమే సంస్థకు అనుమతి." లేదా "ఈ పద్ధతి సంస్థ ఉమ్మడి ఆస్తి."
2. మెరుగులు: "సంస్థ కాలంలో చేసిన మార్పులు, కొత్త తయారీలు ఫలానావారివి."
3. గోప్యత: "పాళ్లు, పద్ధతి, సరఫరాదారుల, ఖాతాదారుల వివరాలు భాగస్వాములు ఎవరికీ చెప్పరు. విడిపోయిన తర్వాత కూడా, ఆ సమాచారం రహస్యంగా ఉన్నంత కాలం, ఈ షరతు వర్తిస్తుంది."
4. పోటీ: "విడిపోయిన తేదీ నుంచి ఇన్ని నెలలు, ఈ మండలాల పరిధిలో, ఈ సరుకు తయారీ చేయరు."
5. అప్పగింత: "విడిపోయేటప్పుడు పుస్తకాలు, కాగితాలు, ఫోన్‌లోని ఫొటోలు, మూల కల్చర్, లేబుళ్లు అప్పగించి రసీదు తీసుకుంటారు."
6. విలువ: "విడిపోయే భాగస్వామికి ఫార్ములాలో, గుడ్‌విల్‌లో రావలసిన వాటా ఈ విధంగా లెక్కిస్తారు."
7. పరిహారం: "షరతు తప్పితే ఇంత మొత్తం చెల్లిస్తారు." ఒప్పందాల చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఆ మొత్తానికి మించకుండా సమంజసమైన పరిహారం ఇస్తుంది. భయపెట్టడానికి కోటి రూపాయలు అని రాస్తే కోటి రాదు.

ముఖ్య గమనిక: ఫార్ములాను ఒప్పంద పత్రంలో రాయకండి. ఆ పత్రం బ్యాంకుకు, లైసెన్సు కార్యాలయాలకు, ఆడిటర్‌కు పోతుంది. ఫార్ములాను వేరే కాగితంపై రాసి, కవరులో పెట్టి సీలు వేసి, అతుకు మీద భాగస్వాములందరూ తేదీతో సంతకాలు చేసి, బ్యాంకు లాకరులో ఉంచండి. పత్రంలో కవరు నంబరు మాత్రమే రాయండి.

రోజువారీ జాగ్రత్తలు

'మీరు దాన్ని రహస్యంగా చూసుకున్నారా?' అని కోర్టు తప్పక అడుగుతుంది. గోడ మీద పాళ్లు రాసి, వచ్చిపోయేవారికి చూపించి, తర్వాత రహస్యం అంటే చెల్లదు.

- పాళ్లు తెలిసినవారి సంఖ్య తగ్గించండి. ఎవరికి, ఎప్పుడు చెప్పారో రాసి పెట్టండి.
- అసలు పాళ్లున్న భాగాన్ని విడిగా కలిపి 'మిక్స్ 1', 'మిక్స్ 2' అని నంబర్లతో పనివారికి ఇవ్వండి. మూల కల్చర్ సీసాల మీదా నంబర్లే వేయండి.
- మరకు, గానుగకు పంపేటప్పుడు ముందే కలిపిన సరుకు పంపండి.
- పనివారితో చిన్న గోప్యత పత్రం మీద సంతకం తీసుకోండి.
- తయారీ పుస్తకానికి పేజీ నంబర్లు వేసి, ప్రతి బ్యాచ్‌కు తేదీ రాసి, తాళం వేసి ఉంచండి.
- తయారీ గదిలో వీడియోలు తీయనివ్వకండి. వాట్సాప్ గ్రూపులో పాళ్లు పెట్టకండి.
- శిక్షణ శిబిరాల్లో, ప్రదర్శనల్లో, మా వంటి అధికారులు వచ్చినప్పుడు కూడా కొలతలు చెప్పవలసిన పని లేదు. శుభ్రత, నాణ్యత, దిగుబడి గురించి చెబితే చాలు. ఒకసారి పదిమందిలో చెప్పిన మాటను వెనక్కి తీసుకోలేం.

లేబుల్, లైసెన్సు, పేటెంట్, ట్రేడ్ మార్క్

ఫార్ములా రహస్యం అన్న మాట లైసెన్సుల నుంచి తప్పించదు. ప్యాక్ చేసిన ఆహారం మీద అందులో వాడిన పదార్థాల పేర్లు, ఎక్కువ ఉన్నది ముందు వచ్చే వరసలో రాయాలి. మొత్తం పాళ్లు, తయారీ పద్ధతి రాయనక్కర్లేదు. కాబట్టి మీ రహస్యం పదార్థాల పేర్లలో కాదు, పాళ్లలో, పద్ధతిలో ఉండాలి. జీవన ఎరువులు, బయోస్టిమ్యులెంట్లు అమ్మడానికి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 వర్తిస్తుంది. చీడపీడల మందుగా అమ్మితే పురుగుమందుల చట్టం, 1968 కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. అనుమతి లేని సరుకు ఫార్ములా కోసం కోర్టుకు వెళితే ముందు మీరే చిక్కుల్లో పడతారు.

ప్రభుత్వ కార్యాలయానికి ఇచ్చిన వివరాలను పోటీదారు సమాచార హక్కు కింద అడిగితే, చట్టం 8(1)(డి) సెక్షన్ కింద వ్యాపార రహస్యాలకు మినహాయింపు ఉంది. విస్తృత ప్రజా ప్రయోజనం ఉందని అధికారి భావిస్తే మాత్రం ఇవ్వవచ్చు. అందుకే వివరాలు ఇచ్చేటప్పుడే ఆ పేజీల మీద 'వ్యాపార రహస్యం' అని రాయండి.

పేటెంట్ చాలామందికి సరిపడదు. పేటెంట్ల చట్టం 3వ సెక్షన్ ప్రకారం వ్యవసాయ, ఉద్యాన పద్ధతులకు, సంప్రదాయ పరిజ్ఞానానికి, గుణాలు కలవడం తప్ప కొత్త ఫలితం లేని మిశ్రమాలకు పేటెంట్ రాదు. వచ్చినా దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లే, పైగా పద్ధతి అందరికీ ప్రచురితమవుతుంది. రహస్యానికి గడువు లేదు, కానీ బయటపడిన రోజున అది పోయినట్టే.

పేరుకు మాత్రం ట్రేడ్ మార్క్ తీసుకోండి. ఆన్‌లైన్‌లో ఒక తరగతికి వ్యక్తులకు, చిన్న సంస్థలకు ప్రభుత్వ రుసుము 4,500 రూపాయలు. నమోదు పదేళ్లు ఉంటుంది, మళ్లీ మళ్లీ పొడిగించుకోవచ్చు. దరఖాస్తు ఎవరి పేరున వేయాలో ఒప్పందంలోనే తేల్చండి. ఒక భాగస్వామి సొంత పేరుతో నమోదు చేయించుకుంటే తర్వాత తలనొప్పి.

విడిపోయే రోజున

కోపంలో మాట అనుకుని లేచి వెళ్లిపోకండి. ఈ పనులు పూర్తి చేయండి.

1. విడుదల పత్రం రాసుకోండి. ఫార్ములా, పేరు, ఖాతాదారులు ఎవరికి మిగిలాయో అందులో స్పష్టంగా ఉండాలి. మొదట కాగితం లేకపోయినా ఇప్పుడు షరతులు పెట్టుకోవచ్చు. సంస్థ రద్దవుతున్న సందర్భంలో చేసుకునే సమంజసమైన పోటీ నిషేధ ఒప్పందాన్ని 54వ సెక్షన్ అనుమతిస్తుంది.
2. అప్పగించిన వస్తువుల జాబితాపై ఇద్దరూ సంతకం చేయండి.
3. రిజిస్ట్రార్‌కు మార్పు తెలియజేసి, చట్టం చెప్పిన విధంగా బహిరంగ ప్రకటన ఇవ్వండి. లేకపోతే పాత భాగస్వామి చేసిన పనికి మీరు, మీ పనికి ఆయన బయటివారికి జవాబుదారీ కావలసి రావచ్చు.
4. పెద్దమనుషుల సమక్షంలో తేల్చుకున్నా ఆ తీర్మానాన్ని రాతలో పెట్టి సంతకాలు తీసుకోండి.

బయటకు వెళ్తున్నవారు మీరైతే, మీరు ముందే తెచ్చిన పద్ధతులను, మీ సొంత మెరుగులను, మీకు రావలసిన వాటాను ఆ పత్రంలోనే రాయించుకోండి. కొత్త వ్యాపారంలో వేరుగా ప్రయోగాలు చేసి, తేదీలతో పుస్తకం పెట్టుకోండి. రేపు దావా వస్తే ఆ పుస్తకమే మిమ్మల్ని కాపాడుతుంది.

ఫార్ములా బయటకు పోయిందని తెలిస్తే

ఆలస్యం చేయకండి. నెలల తరబడి చూస్తూ ఊరుకుంటే 'అంత నష్టమైతే ఇన్నాళ్లు ఎందుకు రాలేదు' అని కోర్టు అడుగుతుంది.

- ఎదుటివారి సరుకును బిల్లుతో కొనండి. ప్యాకెట్, లేబుల్, బిల్లు భద్రపరచండి.
- ఖాతాదారులకు వచ్చిన సందేశాలు ఉన్న ఫోన్‌ను అలాగే ఉంచండి. భారతీయ సాక్ష్య అధినియం, 2023 ప్రకారం ఫోన్ సందేశాలు, ఫొటోలు సాక్ష్యంగా పెట్టాలంటే 63వ సెక్షన్ ధ్రువపత్రం కావాలి.
- న్యాయవాది ద్వారా నోటీసు పంపండి. నోటీసులో ఫార్ములా వివరాలు రాయకండి.
- సివిల్ కోర్టులో తాత్కాలిక ఇంజంక్షన్ కోరవచ్చు. కేసులో బలం ఉందా, ఆపకపోతే ఎవరికి ఎక్కువ ఇబ్బంది, తర్వాత డబ్బుతో పూడ్చలేని నష్టమా అన్న మూడు విషయాలు కోర్టు చూస్తుంది. ఫార్ములాను సీలు కవరులో మాత్రమే ఇవ్వడానికి అనుమతి అడగండి.
- భాగస్వామ్య ఒప్పందపు వివాదం విలువ 3 లక్షల రూపాయలు, ఆపైన ఉంటే వాణిజ్య కోర్టుల చట్టం వర్తిస్తుంది. అత్యవసర ఉత్తర్వు కోరని దావాల్లో ముందుగా మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి.
- ఒప్పందం తప్పినందుకు పరిహారం కోరే దావాకు, రద్దయిన సంస్థ లెక్కల దావాకు మామూలుగా గడువు మూడేళ్లు.

రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

పోలీసు కేసు పెట్టవచ్చా?
భాగస్వామి సంస్థ ఆస్తిని వాడుకున్నంత మాత్రాన మామూలుగా అది నమ్మకద్రోహ నేరం కాదని సుప్రీంకోర్టు 1965లోనే చెప్పింది. ఇది ప్రధానంగా సివిల్ వివాదం. తాళం పగలగొట్టి పుస్తకం ఎత్తుకెళ్లడం, మీ లేబుల్‌కు నకిలీ వేయడం వంటివి జరిగితే మాత్రం ఫిర్యాదు చేయండి.

మానేసిన పనివాడు పక్క సంస్థలో చేరకుండా ఆపవచ్చా?
ఆపలేరు. ఉద్యోగం మానేసిన తర్వాత వేరేచోట చేరకూడదన్న షరతు చెల్లదని 1980లో సుప్రీంకోర్టు తేల్చింది. మీ రహస్యాన్ని అక్కడ చెప్పకుండా మాత్రం అడ్డుకోవచ్చు.

మాది స్వయం సహాయక సంఘం, భాగస్వామ్య సంస్థ కాదు. ఇవి వర్తిస్తాయా?
భాగస్వామ్య చట్టం సెక్షన్లు వర్తించవు. గోప్యత ఒప్పందం, నమ్మకద్రోహంపై రక్షణ వర్తిస్తాయి. సంఘం తీర్మానాల పుస్తకంలో ఫార్ములా ఎవరిదో రాసి, సభ్యులందరి సంతకాలు తీసుకోండి. రైతు ఉత్పత్తిదారుల కంపెనీ అయితే కంపెనీ పేరుతో ఒప్పందం చేసుకోండి.

లాయరు ఖర్చు భరించలేం. ఎలా?
మహిళలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు ఆదాయంతో పని లేకుండా, మిగతావారు ఆదాయ పరిమితికి లోబడి ఉచిత న్యాయ సహాయం పొందవచ్చు. మండల, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయండి. ఇద్దరూ ఒప్పుకుంటే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు. ఆ అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది.

గుర్తుంచుకోండి

- అందరికీ తెలిసినది రహస్యం కాదు. దాచుకోనిదీ రహస్యం కాదు.
- ఫార్ములా, పేరు, ఖాతాదారులు: ఈ మూడూ ఎవరివో మొదటి రోజే రాసుకోండి.
- ఫర్మ్ రిజిస్టర్ చేయించండి. ఫార్ములాను సీలు కవరులో ఉంచండి.
- పోటీ షరతును కాలానికి, ప్రాంతానికి పరిమితం చేయండి.
- విడిపోయేవారికి రావలసినది ఇవ్వండి, అప్పగింత కాగితం తీసుకోండి.

ఇప్పటికే భాగస్వామ్యంలో ఉండి కాగితం లేనివారు సంబంధాలు బాగున్నప్పుడే కూర్చుని రాసుకోండి. గొడవ మొదలైన తర్వాత అదే కాగితం మీద సంతకం దొరకదు. పెద్ద మొత్తాలు, అప్పులు ముడిపడి ఉంటే సంతకానికి ముందు న్యాయవాదికి చూపించడం మరవకండి.